బుల్లితెర కోసమే తీసిన సినిమాలు

డిస్నీ చానెల్ ఒరిజినల్ మూవీ అంటే థియేటర్ గడప తొక్కకుండా నేరుగా పిల్లల కేబుల్ చానెల్లో విడుదలయ్యే సినిమా. టికెట్ ఉండదు, ఇంటర్వెల్ ఉండదు, నిడివి గంటన్నరకు అటూ ఇటూ. పన్నెండేళ్ల కూతురు, ఏడేళ్ల కొడుకు, ఆఫీసు నుంచి అలసి వచ్చిన తల్లీతండ్రీ ఒకే గదిలో కూర్చుని ఇబ్బంది పడకుండా చూడగలగాలి. ఆ ఒక్క షరతుకు లోబడి 1997 నుంచి ఇప్పటిదాకా వందకు పైగా సినిమాలు వచ్చాయి. అమెరికాలో ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్ల వయసులో ఉన్న తరానికి చిన్నప్పటి సినిమా అనగానే గుర్తొచ్చేవాటిలో ఇవి తప్పక ఉంటాయి. విమర్శకులు వీటిని పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకోదగ్గవి మాత్రం వీటిలో కొన్ని ఉన్నాయి.

టీవీ కోసం సినిమా తీయడం డిస్నీ సంస్థకు కేబుల్ రోజుల కన్నా చాలా ముందునుంచే అలవాటు. 1954లో వాల్ట్ డిస్నీ ఏబీసీ నెట్‌వర్క్‌లో 'డిస్నీల్యాండ్' అనే వారపు కార్యక్రమం మొదలుపెట్టాడు. కాలిఫోర్నియాలో కడుతున్న వినోద ఉద్యానవనానికి డబ్బు, ప్రచారం రెండూ కావాలి. ఆ కార్యక్రమం రెండూ తెచ్చిపెట్టింది. అదే ఏడాది డిసెంబరులో అందులో 'డేవీ క్రాకెట్' కథ మూడు భాగాలుగా మొదలైంది. అమెరికా పిల్లలు కథానాయకుడి రకూన్ తోలు టోపీ కోసం దుకాణాల మీద పడ్డారు. టీవీలో వచ్చిన ఆ భాగాలనే కలిపి 1955లో థియేటర్లలో సినిమాగా వదిలితే అదీ ఆడింది. తెర మీది కథ, దుకాణంలో బొమ్మ, ఉద్యానవనంలో టికెట్ ఒకదాన్నొకటి అమ్మిపెట్టే పద్ధతి అప్పుడే స్థిరపడింది. తర్వాతి కథంతా ఆ పద్ధతికి కొనసాగింపే.

డిస్నీ చానెల్ 1983 ఏప్రిల్ 18న మొదలైంది. అప్పట్లో అది కేబుల్ బిల్లు మీద అదనంగా డబ్బు కట్టినవాళ్లకే వచ్చేది. నెలనెలా డబ్బు కట్టే కుటుంబానికి మరెక్కడా దొరకనిది ఏదో ఒకటి చూపించాలి. పాత కార్టూన్లు ఎన్నిసార్లు తిప్పినా ఆ లోటు తీరదు. అందుకే అదే ఏడాది అక్టోబరులో చానెల్ తన సొంత సినిమా 'టైగర్ టౌన్' ప్రసారం చేసింది. డెట్రాయిట్ బేస్‌బాల్ జట్టులో వయసు మీరిన ఆటగాడొకడు, అతని మీద నమ్మకం వదులుకోని పిల్లవాడొకడు, అంతే కథ. ఆటగాడి పాత్ర 'జాస్' సినిమాతో పేరు పొందిన రాయ్ షైడర్ వేశాడు. తర్వాత డెట్రాయిట్‌లో ఈ సినిమా థియేటర్‌కూ వెళ్లింది. 1997 దాకా పద్నాలుగేళ్లలో 'ప్రీమియర్ ఫిల్మ్స్' పేరిట మరెన్నో వచ్చాయి. వాటిలో చాలావాటికి పెద్దల సినిమాల పోలికలే ఎక్కువ. చందా కట్టేది పెద్దలే కాబట్టి వాళ్ల అభిరుచికే పెద్దపీట పడింది.

1990లలో లెక్క మారింది. చానెల్ క్రమంగా అదనపు చందా వదిలేసి, అందరికీ వచ్చే మామూలు ప్యాకేజీలోకి చేరింది. ఒక్కో ఇంటి నుంచి వచ్చేది తగ్గినా ఇళ్ల సంఖ్య కోట్లలోకి పెరిగింది. మామూలు ప్రకటనలు వేయకుండా, కేబుల్ ఆపరేటర్లు ఒక్కో చందాదారుకు ఇంతని చెల్లించే రుసుము మీదే చానెల్ నడిచింది. అంటే పిల్లలు 'ఆ చానెల్ కావాలి' అని ఇంట్లో పట్టుబట్టడమే దాని బలం. ఆపరేటరు చానెల్‌ను తీసేస్తే మర్నాడే ఇళ్ల నుంచి ఫోన్లు రావాలి. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు చిన్నపిల్లల కార్టూన్లు దాటిపోయినవాళ్లు, పెద్దల సీరియళ్లకు ఇంకా చేరనివాళ్లు. వాళ్ల కోసం ప్రత్యేకంగా తీసేవాళ్లు అప్పట్లో అరుదు. 1996లో అధ్యక్షురాలిగా వచ్చిన యాన్ స్వీనీ హయాంలో చానెల్ దృష్టంతా ఆ వయసు మీదికి మళ్లింది.

1997 అక్టోబరులో, హాలోవీన్ పండుగకు ముందు 'అండర్ ర్యాప్స్' వచ్చింది. ముగ్గురు పిల్లలకు ఒక ఇంటి నేలమాళిగలో ప్రాణమున్న ఈజిప్టు మమ్మీ దొరుకుతుంది. దాన్ని అర్ధరాత్రిలోగా శవపేటికకు చేర్చాలి. ఒరిజినల్ మూవీల వరసలో మొదటిదిగా లెక్కకు వచ్చేది ఇదే. ఇది నిలదొక్కుకున్నాక వేగం పెరిగింది. 2000లో జనవరి మొదలు డిసెంబరు దాకా నెలకొకటి చొప్పున పన్నెండు కొత్త సినిమాలు ప్రసారమయ్యాయి. 

ఇన్ని తీయాలంటే ఖర్చు అదుపులో ఉండాలి. బడ్జెట్ కొద్ది మిలియన్ డాలర్లలో తేలిపోవాలి, షూటింగ్ కొద్ది వారాల్లో ముగియాలి. అందుకే యూనిట్లు హాలీవుడ్ వదిలి పన్ను రాయితీలిచ్చే చోట్లకు, ముఖ్యంగా కెనడాకు వెళ్లేవి. మంచు కొండలు, అచ్చమైన అమెరికన్ బడి, విశాలమైన వీధులు ఒకేచోట దొరికే యూటా రాష్ట్రం మరో స్థావరం. బాలనటులను పెద్దల్లా పొద్దస్తమానం నిలబెట్టడానికి చట్టం ఒప్పుకోదు. వాళ్ల పనిగంటలకు హద్దుంది, సెట్లోనే చదువు చెప్పే టీచరు ఉండాలి. కాబట్టి ఏ సన్నివేశానికి ఎన్ని నిమిషాలు ఇవ్వగలమో దర్శకుడు ముందే లెక్క కట్టుకోవాలి. పాల్ హోయెన్, డ్యువేన్ డనమ్, గ్రెగ్ బీమన్ లాంటి దర్శకులు ఈ పనిలో చెయ్యి తిరిగినవాళ్లు. వాళ్ల పేర్లు సినిమా చరిత్ర పుస్తకాల్లో కనిపించకపోవచ్చు, కానీ ఈ ఇరుకులో కథను సూటిగా, తడబడకుండా చెప్పడం చిన్న విద్య కాదు.

భయానికీ కొలత ఉండేది. 1999లో వచ్చిన 'డోంట్ లుక్ అండర్ ద బెడ్' సినిమాలో మంచం కింది బూచి పిల్లలను మరీ హడలగొట్టిందని తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. భయానికి సరైన పాళ్లు కుదిరింది అంతకు ముందు ఏడాది వచ్చిన 'హాలోవీన్‌టౌన్'లో. అమ్మమ్మ మంత్రగత్తె అని, తమ వంశంలోనే ఆ విద్య ఉందని పదమూడేళ్ల మార్నీకి తెలుస్తుంది. అమ్మమ్మ వెంట బస్సెక్కి దయ్యాలు, భూతాలు కాపురముండే ఊరికి వెళితే అక్కడ అవి కూరగాయలు కొనుక్కుంటూ, టాక్సీలు నడుపుకుంటూ ఉంటాయి. అమ్మమ్మగా వేసింది 1952 నాటి 'సింగింగ్ ఇన్ ద రెయిన్' నాయిక డెబ్బీ రెనాల్డ్స్. ఆమె అనుభవం సినిమా మొత్తానికి వెచ్చదనం తెచ్చింది. షూటింగ్ జరిగిన సెయింట్ హెలెన్స్, ఒరెగన్ రాష్ట్రంలో కొలంబియా నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఇప్పటికీ ఏటా అక్టోబరులో ఆ ఊరు కూడలిలో పెద్ద గుమ్మడికాయను నిలబెట్టి ఉత్సవం చేసుకుంటుంది. చిన్నప్పుడు ఆ సినిమా చూసినవాళ్లు తమ పిల్లలను తీసుకుని వస్తున్నారు.

ఆ రోజుల్లో విషయాల వైవిధ్యం ఆశ్చర్యం కలిగిస్తుంది. 'బ్రింక్' చక్రాల బూట్ల మీద సాగే పోటీల కథ. డబ్బు కోసం స్నేహితులను వదిలి స్పాన్సర్లున్న జట్టులో చేరిన కుర్రాడు, ఉద్యోగం లేక ఇంట్లో ఉన్న తండ్రి, ఆ ఇంటి ఇబ్బంది అందులో కనబడతాయి. 'జెనాన్' 2049లో అంతరిక్ష కేంద్రంలో పెరిగి భూమికి వచ్చిపడిన అల్లరి పిల్ల. 'జానీ సునామీ'లో హవాయి అలల మీద పెరిగినవాడు వెర్మాంట్ మంచుకు అలవాటు పడాలి. 'స్మార్ట్ హౌస్' వీటిలో ముందుచూపు ఉన్నది. తల్లి పోయిన బెన్ అనే కుర్రాడు పోటీలో గెలిచిన కంప్యూటర్ ఇంటికి కుటుంబం కాపురం మారుస్తుంది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుంటాడేమోనని భయపడిన బెన్, ఇంటిని నడిపే యంత్రానికి పాత టీవీ సీరియళ్లలోని తల్లులను చూపించి అమ్మతనం నేర్పుతాడు. యంత్రం ఆ పాఠాన్ని మరీ గట్టిగా పట్టుకుని, బయటి ప్రపంచం ప్రమాదమంటూ కుటుంబాన్ని లోపలే ఉంచి తలుపులు మూసేస్తుంది. 'రూట్స్' టీవీ సీరియల్‌లో కుంటా కింటెగా వేసిన లెవార్ బర్టన్ దీనికి దర్శకుడు. ఇంటింటా మాట వినే యంత్రాలు వచ్చిన ఈ రోజుల్లో చూస్తే, ఆ సినిమా 1999 నాటిదంటే నమ్మబుద్ధి కాదు. యంత్రం ఎంత నేర్చినా పిల్లవాడిని కావిలించుకోలేదని తేలే సన్నివేశంలో నవ్వులాట అంతా ఆగిపోతుంది.

ఈ వరస మొత్తంలో అన్నిటికన్నా మిన్న 2000 ఫిబ్రవరిలో వచ్చిన 'ద కలర్ ఆఫ్ ఫ్రెండ్‌షిప్'. కాలం 1977. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష చట్టం రాజ్యమేలుతున్న రోజులు. అక్కడి తెల్ల పోలీసు అధికారి కూతురు మారీ బాక్ విద్యార్థి మార్పిడి పథకంలో అమెరికాకు బయల్దేరుతుంది. ఆతిథ్యం ఇచ్చేది అమెరికా కాంగ్రెస్ సభ్యుడి ఇల్లని తెలిసినప్పుడు, ఆయన నల్లజాతివాడై ఉంటాడని ఆ అమ్మాయి ఊహకైనా అందదు. అటు కాంగ్రెస్ సభ్యుడి కూతురు పైపర్ తన ఇంటికి నల్లజాతి ఆఫ్రికన్ అమ్మాయి వస్తోందని ఎదురుచూస్తూ ఉంటుంది. ఆఫ్రికా నుంచి వచ్చే అతిథి తెల్లపిల్ల కావచ్చన్న ఆలోచన ఆ కుటుంబానికీ రాలేదు. వాషింగ్టన్‌లో ఇద్దరూ ఎదురుపడ్డప్పుడు ఇద్దరి మొహాలూ ఒక్కలాగే పాలిపోతాయి. సినిమా పట్టు అక్కడుంది. తప్పంతా ఒక పక్కనే మోపకుండా, తెలియనితనం రెండిళ్లలోనూ ఉందని ముందే చూపిస్తుంది.

మారీ గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది. ఆ పిల్ల దుర్మార్గురాలు కాదు. దక్షిణాఫ్రికాలోని తన ఇంట్లో నల్లజాతి పనిమనిషి ఫ్లోరాను ప్రేమిస్తుంది కూడా. కాకపోతే ఫ్లోరా భోజనం ఎక్కడ చేస్తుంది, ఏ బస్సెక్కుతుంది, ఎవరి అనుమతితో ఊళ్లో ఉంటుంది అన్న ప్రశ్నలు ఆమెకు ఎప్పుడూ తట్టలేదు. పైపర్ ఇంట్లో రోజులు గడిచేకొద్దీ తట్టడం మొదలవుతుంది. ఇద్దరూ దగ్గరవుతున్న సమయంలోనే దక్షిణాఫ్రికా నల్లజాతి ఉద్యమ నాయకుడు స్టీవ్ బికో పోలీసుల కస్టడీలో మరణించాడన్న వార్త వస్తుంది. ఇది చరిత్రలో నిజంగా జరిగినదే, 1977 సెప్టెంబరు 12న. దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయం వాళ్లు వచ్చి మారీని పట్టుకుపోతారు. కాంగ్రెస్ సభ్యుడు పట్టుబట్టి వెనక్కి రప్పించాక కూడా ఇల్లు మునుపటిలా ఉండదు. బికో ఎవరో, అతని చావు ఈ కుటుంబాన్ని ఎందుకు ఏడిపిస్తోందో ఆ అమ్మాయి ఇప్పుడు తెలుసుకోవాలి. పోలీసు కూతురు అది తెలుసుకోవడమంటే తండ్రి చేసే పనేమిటో తెలుసుకోవడమే.

ఆ కాంగ్రెస్ సభ్యుడు కల్పిత పాత్ర కాదు. కాలిఫోర్నియాలోని ఓక్లండ్ ప్రాంతం నుంచి 1971 మొదలు 1998 దాకా సభలో ఉన్న రాన్ డెలమ్స్. దక్షిణాఫ్రికా మీద ఆర్థిక ఆంక్షలు పెట్టాలని ఆయన ఏళ్ల తరబడి పోరాడాడు. 1986లో అధ్యక్షుడు రీగన్ వీటోను కూడా తోసిపుచ్చి కాంగ్రెస్ ఆ చట్టం చేసింది. డెలమ్స్ కూతురు పైపర్ రాసిన కథ ఆధారంగా పారిస్ క్వాల్స్ స్క్రీన్‌ప్లే రాశాడు, కెవిన్ హుక్స్ దర్శకత్వం వహించాడు. సినిమా వచ్చిన ఏడాదే ఉత్తమ పిల్లల కార్యక్రమంగా ఎమ్మీ పురస్కారం దీనికి వచ్చింది. పదేళ్ల పిల్లలకు వర్ణవివక్ష గురించి పాఠం చెప్పినట్టు కాకుండా, ఉన్నదున్నట్టు, పేర్లతో, తేదీలతో చూపించిన సినిమా ఇది. కార్టూన్ల చానెల్లో, శనివారం సాయంత్రం ప్రసారమైంది. థియేటర్లో ఇలాంటి కథకు పిల్లలను తీసుకుని ఎన్ని కుటుంబాలు టికెట్ కొనేవో అనుమానమే. కేబుల్లో టికెట్ అడ్డు లేదు కాబట్టే ఇది ఇన్ని ఇళ్లకు చేరింది.

అదే కాలంలో 'మిరకిల్ ఇన్ లేన్ 2' చక్రాల కుర్చీలో తిరిగే కుర్రాడు ఇంజిన్ లేని చిన్న కార్ల పందెంలో దిగిన నిజమైన కథను చెప్పింది. 'ట్రూ కన్ఫెషన్స్'లో బుద్ధిమాంద్యం ఉన్న కవల సోదరుడి గురించి అక్క పడే సిగ్గు, తర్వాత ఆ సిగ్గు గురించే పడే బాధ కనిపిస్తాయి. తమ్ముడి పాత్ర షయా లబఫ్ వేశాడు. 'గాటా కిక్ ఇట్ అప్' లాటినో ఆడపిల్లల డాన్స్ జట్టు కథ. నటి అమెరికా ఫెరేరా తొలినాళ్ల సినిమాల్లో అదొకటి. 2004 నాటి 'టైగర్ క్రూయిజ్' 2001 సెప్టెంబరు 11 నాడు సముద్రం మధ్య యుద్ధనౌకలో తండ్రితో ఉన్న అమ్మాయిని చూపింది.

దారి మళ్లించింది పాట. 2003లో వచ్చిన 'ద చీటా గర్ల్స్' ఈ వరసలో తొలి మ్యూజికల్. న్యూయార్క్‌లో నలుగురు అమ్మాయిలు కలిసి పెట్టుకున్న పాటల బృందం కథ అది. గాయని విట్నీ హ్యూస్టన్ నిర్మాతల్లో ఒకరు. సినిమాకన్నా దాని పాటల ఆల్బం ఎక్కువ కాలం నడిచింది. చానెల్ ఆ సంగతి గమనించింది. 1996 నుంచే డిస్నీకి పిల్లల రేడియో ఉండేది, పాటల కంపెనీ కూడా ఉండేది. టీవీలో పాట వస్తే రేడియోలో మోగేది, దుకాణంలో అమ్ముడయ్యేది.

2006 జనవరి 20, శుక్రవారం రాత్రి 'హైస్కూల్ మ్యూజికల్' వచ్చింది. బడ్జెట్ 42 లక్షల డాలర్లు. చిత్రీకరణ యూటా రాజధాని సాల్ట్ లేక్ సిటీలోని ఈస్ట్ హైస్కూల్లో. పేరున్న నటుడు ఒక్కడూ లేడు. తొలి ప్రసారం చూసినవాళ్లు 77 లక్షల మంది. బాస్కెట్‌బాల్ జట్టు నాయకుడు ట్రాయ్‌కు, లెక్కల్లో దిట్ట అయిన గాబ్రియెల్లాకు బడి నాటకంలో పాడాలని ఉంటుంది. పాడితే స్నేహితులు ఏమంటారో అన్నదే ఇందులో ఉన్న ప్రధాన సమస్య. పెద్ద ప్రమాదమేదీ లేదు. పద్నాలుగేళ్ల వయసులో స్నేహితులు ఏమనుకుంటారన్నదాన్ని మించిన ప్రమాదం ఉండదని రచయిత పీటర్ బార్సోకినీకి తెలుసు.

దర్శకుడు కెనీ ఒర్టేగా మొదట నృత్య దర్శకుడు. 'డర్టీ డాన్సింగ్'కు నృత్యాలు కూర్చినవాడు, అంతకు ముందు 'జనాడు' సినిమా సమయంలో జీన్ కెల్లీ దగ్గర పని నేర్చుకున్నవాడు. పాతకాలపు స్టూడియో మ్యూజికల్స్ పనితనం ఆయన చేతుల మీదుగా ఈ చిన్న టీవీ సినిమాలోకి వచ్చింది. జిమ్‌లో జరిగే పాట చూస్తే తెలుస్తుంది. కుర్రాళ్లు మామూలుగా ప్రాక్టీసు చేస్తుంటారు. బంతి నేలను కొట్టిన చప్పుడు, బూట్లు చెక్క మీద కీచుమన్న చప్పుడు ఒక లయలో పడతాయి. ఎక్కడ ఆట ఆగి పాట మొదలైందో చెప్పలేం. అందరి చేతుల్లోనూ బంతులుంటాయి, ఒక్కటీ గతి తప్పదు. ఆట వదిలేస్తేగాని పాడలేననుకుంటున్న కుర్రాడి ఆటలోనే పాట ఉందని మాటల్లో చెప్పకుండా చూపించిన సన్నివేశం అది.

క్యాంటీన్ పాట ఇంకా మంచిది. ట్రాయ్ పాడబోతున్నాడని తెలిశాక, భోజనం బల్లల దగ్గర ఒక్కొక్కరూ తమ గుట్టు విప్పుతారు. బాస్కెట్‌బాల్ ఆటగాడికి కేకులు, మిఠాయిలు చేయడం ఇష్టమట. ఎప్పుడూ పుస్తకంలో తల దూర్చే అమ్మాయికి హిప్‌హాప్ డాన్స్ వచ్చునట. స్కేట్‌బోర్డ్ కుర్రాడు చెల్లో వాయిస్తాడట. చెప్పిన ప్రతిసారీ చెప్పినవాళ్ల బల్ల దగ్గరివాళ్లే లేచి, ఉన్నచోట ఉండమని అరుస్తారు. అడ్డుపడేది పెద్దవాళ్లు కాదు, తోటి పిల్లలే. బడికి వెళ్లే ఏ దేశపు పిల్లలకైనా ఈ పాట అర్థమవడానికి కారణం ఇదే.

ఆ ఏడాది అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైన సంగీత ఆల్బం ఈ సినిమాదే. ఎమ్మీలు వచ్చాయి. బడులు నాటకంగా వేసుకోవడానికి అనుమతులు తీసుకున్నాయి. ట్రాయ్‌గా నటించిన జాక్ ఎఫ్రాన్‌కు పాటల్లో చాలావరకు డ్రూ సీలీ గొంతు అరువిచ్చాడని తర్వాత బయటపడి అమెరికాలో చర్చ జరిగింది. నేపథ్యగానంతోనే పెరిగిన తెలుగు ప్రేక్షకులకు ఆ చర్చే వింతగా తోస్తుంది. 2007 ఆగస్టు 17న రెండో భాగం వస్తే 1.72 కోట్ల మంది చూశారు. మామూలు కేబుల్ చానెళ్ల చరిత్రలో అప్పటికి అది రికార్డు. మూడో భాగం 2008లో థియేటర్లకే వెళ్లి, 1.1 కోట్ల డాలర్ల ఖర్చుకు ప్రపంచవ్యాప్తంగా 25 కోట్ల డాలర్ల దాకా వసూలు చేసింది. టీవీ కోసం పుట్టిన కథ టీవీని దాటిపోయింది.

భారతదేశంలో డిస్నీ చానెల్ 2004 డిసెంబరు 17న అడుగుపెట్టింది. దానితోపాటే మొదలైన టూన్ డిస్నీకి తెలుగు, తమిళ ఆడియో ఉండేది. అలా ఈ సినిమాలు హిందీ డబ్బింగులోనో, ఇంగ్లిషులోనో హైదరాబాద్, విజయవాడ ఇళ్లలోకీ వచ్చాయి. 2008లో 'చీటా గర్ల్స్' మూడో సినిమా 'వన్ వరల్డ్' ఏకంగా రాజస్థాన్‌లోని ఉదయపూర్‌కు వచ్చి తీశారు. బృందంలో మిగిలిన ముగ్గురు అమ్మాయిలు బాలీవుడ్ సినిమాలో వేషాల కోసం వస్తే, ఉన్నది ఒక్క వేషమేనని తేలుతుంది. రోషన్ సేఠ్ లాంటి నటుడు ఉన్నా, అందులోని భారతదేశం సరస్సులు, కోటలు, రంగుల చీరలు దాటి లోపలికి వెళ్లదు. ఆదరంతోనే తీశారు, చూడటం మాత్రం పర్యాటకుల చూపే. మూడేళ్ల తర్వాత వచ్చిన 'లెమనేడ్ మౌత్' ఆ విషయంలో మెరుగు. బడిలో శిక్ష పడి ఒక గదిలో కలిసిన ఐదుగురు బ్యాండ్ పెట్టుకునే కథలో మోహినీ అనే భారతీయ అమ్మాయి ఉంది. తండ్రి కట్టుదిట్టాలకూ, తన ఇష్టాలకూ మధ్య ఆమె పడే నలుగుబాటు నిజంగా ఇళ్లలో జరిగేదే. తల్లి వైపు నుంచి భారతీయ మూలాలున్న నయోమీ స్కాట్ ఆ పాత్ర చేసింది.

పాటల విజయం చానెల్ లెక్కను మార్చేసింది. 2008లో 'క్యాంప్ రాక్'ను తొలిసారి 89 లక్షల మంది చూశారు. అందులో డెమీ లొవాటో, జోనస్ సోదరులు ఉన్నారు. 2009లో సెలీనా గోమెజ్, డెమీ కలిసి చేసిన 'ప్రిన్సెస్ ప్రొటెక్షన్ ప్రోగ్రామ్', అదే ఏడాది సెలీనా సీరియల్ నుంచి పుట్టిన 'విజర్డ్స్ ఆఫ్ వేవర్లీ ప్లేస్' సినిమా వచ్చాయి. రెండోదాన్ని 1.14 కోట్ల మంది చూశారు. చానెల్ సీరియల్‌లో పేరు తెచ్చుకున్న పిల్ల సినిమాలో కనిపించాలి, సినిమాలో పాట పాడాలి, ఆ పాటతో ఊరూరా కచేరీలకు వెళ్లాలి. 'క్యాంప్ రాక్'లో వంటమనిషి కూతురు తల్లి ఉద్యోగం దాచి గొప్పలు చెప్పుకుని సిగ్గుపడే కథ బాగుంది. కానీ కథకన్నా కచేరీకే సమయం ఎక్కువ పోయింది. 'బ్రింక్'లోని నిరుద్యోగి తండ్రి, 'ట్రూ కన్ఫెషన్స్'లోని అక్క ఇక అరుదైపోయారు. నెలకొకటిగా వచ్చిన సినిమాలు ఏడాదికి నాలుగైదయ్యాయి. పదిహేనేళ్లకే వేల మంది ముందు నిలబడిన పిల్లలు ఆ బరువు ఎలా మోశారో, వాళ్లలో కొందరు పెద్దయ్యాక బహిరంగంగానే చెప్పారు. ఈ పద్ధతి చెల్లించిన మూల్యంలో అదీ భాగమే.

2015లో ఒర్టేగా మళ్లీ వచ్చి 'డిసెండెంట్స్' తీశాడు. పాత డిస్నీ కథల్లోని దుష్టపాత్రలందరినీ ఒక దీవికి వెలివేస్తే, వాళ్ల పిల్లలు అక్కడే పెరుగుతారు. వాళ్లలో నలుగురికి రాజ్యంలోని మంచి బడిలో చదువుకునే అవకాశం వస్తుంది. తల్లిదండ్రుల తప్పుకు పిల్లలు శిక్ష అనుభవించాలా అన్న ప్రశ్న ఇందులో బలంగా ఉంది. 2018 నాటి 'జాంబీస్'లో ఒక ఊరు జాంబీలను కంచె అవతల ఉంచుతుంది, వేరే బడిలో చదివిస్తుంది, చివరికి ఒకే బడిలోకి రానిస్తుంది. కంచె దాటి వచ్చిన కుర్రాడికి, చీర్‌లీడర్ అమ్మాయికి స్నేహం కుదురుతుంది. అమెరికా బడుల్లో తెలుపు నలుపు విభజన చరిత్ర తెలిసినవాళ్లకు ఇది ఎవరి కథో వెంటనే తెలిసిపోతుంది. తెలియని ఎనిమిదేళ్ల పిల్లకు మాత్రం ఇది జాంబీల కథే. ఉపమానం ఎక్కువ మందికి చేరుతుంది, ఎవరినీ నొప్పించదు. 'ద కలర్ ఆఫ్ ఫ్రెండ్‌షిప్' దేశం పేరు, చట్టం పేరు, చనిపోయినవాడి పేరు చెప్పింది. ఈ రెండు పద్ధతుల మధ్య దూరంలోనే చానెల్ ఇరవై ఏళ్ల ప్రయాణం కనబడుతుంది. 'డిసెండెంట్స్'లో క్రుయెల్లా కొడుకు కార్లోస్‌గా వేసిన కామెరాన్ బోయ్స్, మూడో భాగం ప్రసారానికి కొద్ది వారాల ముందు, 2019 జూలైలో మూర్ఛ వ్యాధితో చనిపోయాడు. అతనికి ఇరవై ఏళ్లు. సంస్థ ఆర్భాటపు ప్రీమియర్‌ను రద్దు చేసుకుంది.

ఆ ఏడాది నవంబరులోనే డిస్నీ సొంత స్ట్రీమింగ్ సేవ డిస్నీ ప్లస్ మొదలైంది. కేబుల్ చందాలు పడిపోతున్న కాలం అది. 2020లో ఆస్ట్రేలియాలో, బ్రిటన్‌లో డిస్నీ చానెల్ మూతపడింది, మరుసటి ఏడాది ఆగ్నేయాసియాలో. ఫలానా శుక్రవారం ఫలానా గంటకు లక్షల మంది పిల్లలు ఒకేసారి ఒకే సినిమా చూడటం, సోమవారం బడిలో దాని గురించే మాట్లాడుకోవడం స్ట్రీమింగ్‌లో జరగదు. దానికి బదులు పాత సినిమాలు చాలావరకు ఎప్పుడంటే అప్పుడు దొరుకుతున్నాయి.

ఈ చివరి దశలోనే తెలుగువాళ్లకు దగ్గరి సంగతి ఒకటుంది. 2021 ఆగస్టులో వచ్చిన 'స్పిన్' ఈ వరసలో భారతీయ అమెరికన్ అమ్మాయి ప్రధానపాత్రగా వచ్చిన మొదటి సినిమా. ఆ పాత్ర చేసిన అవంతిక వందనపు కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టింది. 2016లో మహేశ్‌బాబు 'బ్రహ్మోత్సవం'తో మొదలుపెట్టి బాలనటిగా మరికొన్ని తెలుగు సినిమాల్లో నటించింది. 'స్పిన్'లో ఆమె పాత్ర రియా బడి తర్వాత కోడింగ్ క్లబ్బు, కుటుంబం నడిపే రెస్టారెంటు మధ్య తిరుగుతూ, డీజేగా పాటలు కలపడంలో తనకు నేర్పు ఉందని తెలుసుకుంటుంది. తండ్రిగా అభయ్ డియోల్, ఇంటి పెద్దావిడగా మీరా స్యాల్ నటించారు. దర్శకురాలు మంజరి మకిజనీ, 'షోలే'లో సాంబాగా వేసిన మాక్ మోహన్ కూతురు. ఇందులో కోటలు లేవు, ఏనుగులు లేవు. కుటుంబ హోటలు, నాన్నతో చిన్న చిన్న తగాదాలు ఉన్నాయి. ఉదయపూర్ నుంచి ఇక్కడికి రావడానికి చానెల్‌కు పదమూడేళ్లు పట్టింది.

ఇప్పుడు ఏడాదికి ఒకటో రెండో కొత్త సినిమాలు వస్తున్నాయి. వాటిలోనూ పాతవాటి కొనసాగింపులే ముందుంటున్నాయి. 2024లో 'డిసెండెంట్స్' నాలుగో భాగం నేరుగా డిస్నీ ప్లస్‌లో వచ్చింది. 'జాంబీస్' నాలుగో భాగం 2025 జూలై 10న చానెల్లో ప్రసారమై, మర్నాడే స్ట్రీమింగ్‌కు వెళ్లింది. పిల్లలతో కలిసి ఈ వరసలో ఏదైనా చూడాలనుకునే తల్లిదండ్రులు కొత్త పాటల సినిమాల దగ్గర ఆగిపోకుండా, వెతికి అయినా 'ద కలర్ ఆఫ్ ఫ్రెండ్‌షిప్' చూడాలి. పదేళ్లు దాటిన పిల్లలకు అది అర్థమవుతుంది, పూర్తయ్యాక వాళ్లు ప్రశ్నలు అడుగుతారు. జవాబులు చెప్పడానికి పెద్దలు పక్కనే ఉండాలి.